మూడో పూత

గురువారం ఫొటోలు తీసేవాడొస్తాడు.
అప్పటికల్లా ఈ ఇంట్లో ఎవరూ ఎన్నడూ
చెమటోడ్చనట్టు కనిపించాలంటాడు
మా అక్క మొగుడు అన్సెల్మో.

పదకొండు నెలలు
పోర్తో ఊళ్లో, బొన్ఫిం పేట ఎగుడువీధిలో
ఈ బక్కపల్చటి మూడంతస్తుల కడుపులోనే బతికాను.
ఏ మెట్టు ఎవరి కాలికి ఎలా మూలుగుతుందో
చీకట్లో అడగండి, చెబుతాను.
పుచ్చిన దూలాలు దించాం.
తెలుపు గీకితే ఆకుపచ్చ, అది గీకితే నీలం,
నీలం కింద ఎవరో పెన్సిలుతో వేసుకున్న కూడిక.
మొత్తం తప్పు. ఏడు ఎక్కువ పడింది.
దిద్దబోయి ఊరుకున్నాను,
వాడి అప్పులు వాడివి.
దాని మీద మళ్లీ తెలుపు కొట్టాను.

సోమవారం దుల్సే వచ్చింది,
వ్యానునిండా అద్దె సంసారం వేసుకుని.
వీపులు తప్ప పొట్టల్లేని పుస్తకాలు.
అట్టపెట్టెలు పేర్చి పైన దుప్పటి పరిచిన మంచం.
ఎవరూ కాల్చుకోని కొవ్వొత్తులు.
గాజుగిన్నెలో తొమ్మిది నిమ్మకాయలు;
ఎంచి మరీ పెట్టింది.
"ముట్టుకోకు ఇదాలినా," అంది.
నిమ్మకాయలెవరు తింటారు అన్నాను.
నీ సంగతి నాకు తెలుసంది.

నా తువ్వాలు, నా సబ్బుముక్క,
రంగు చుక్కలు పడి పొక్కులొచ్చినట్టున్న నా రేడియో
గోనెసంచిలో కూచున్నాయి,
చుట్టాలొస్తే వంటింట్లోకి తోసిన పిల్లల్లా.

అన్నీ కుదిరాయి,
మెట్ల కింది ఉత్తరపు గోడ తప్ప.
అక్కడ అరచెయ్యంత చెమ్మ.
పక్కిల్లు తాళం వేసుంది, వారసులు కోర్టులో ఉన్నారు,
వాళ్ల చూరుగొట్టం పగిలి
మా గోడలోకి మెల్లగా ఏడుస్తుంది.
ఒక పూత వేశాను. వచ్చింది.
రెండో పూత. వచ్చింది.
నాకు పని నేర్పిన బెల్మీరో మేస్త్రీ అనేవాడు:
తడిగోడ చంటిబిడ్డ లాంటిదే,
ఇక్కడ తుడిస్తే అక్కడ తడుపుతుంది.

"అల్మరా అడ్డం పెడదాం," అన్నాడు అన్సెల్మో.
"కొనేవాడు జరిపి చూస్తాడా?"
చెడ్డవాడు కాదు, వాయిదాలవాడు.
బ్యాంకుకి ఒకటి, వ్యానుకి ఒకటి,
కూతురి పళ్లకి కట్టిన తీగలకి ఒకటి.
నేనే రెండో వైపు పట్టాను.
అల్మరా ఎంత తేలిగ్గా లేచిందో!
దానిలోనూ ఏమీ లేదు.

బుధవారం రాత్రి కాపలాకి నేనుండిపోయాను.
మంచం ఎక్కితే కూలుతుంది గనక
కోటు తలకింద పెట్టుకుని నేల మీద పడుకున్నాను.
రెండింటికి వాన దిగింది.
ఒక్కొక్కటే విన్నాను:
నేను పేర్చిన పెంకులు, సరే.
నేను మట్టుపెట్టిన కిటికీ సందులు, సరే.
పైన దూలం ఒకసారి ఒళ్లు విరుచుకుంది, అదీ సరే.
ఇంతలేసి వానలో ఇల్లు పొడిగా ఊపిరి తీస్తుంటే
ఇది నాదైతే బాగుండునని
మొదటిసారి అనిపించింది.
అమ్మేదాన్ని అలా చూడకూడదు.

లేచాను.
నేల గీసుకోకుండా కాళ్లకింద తువ్వాలు తోసి
అల్మరాని పక్కకి లాగాను.
మూడో పూతలోంచి, కాఫీగ్లాసు అడుగు అచ్చులా
వచ్చేసి ఉంది.
చెయ్యి పెట్టాను. చల్లగా, ఏ తప్పూ ఎరగనట్టు.
చెవి మీది పెన్సిలు తీసి
పక్కన చిన్నక్షరాల్లో రాశాను:
నీళ్లు పక్కింటి గొట్టం నుంచి. జనవరి. మూడు పూతలు.
పేరు రాయలేదు.

తెల్లారి అన్సెల్మో వచ్చి చదివాడు.
రెండుసార్లు చదివాడు.
నా వైపు చూడలేదు. అల్మరా వైపూ చూడలేదు.
మెట్టు మీద కూచుని ఫోనులో చాలాసేపు
ఏవో అంకెలు కొట్టాడు, చెరిపాడు, కొట్టాడు.
బయట కారు తలుపు చప్పుడయింది.
దుమ్ముకి పూడిపోయిన గొంతు సవరించుకుంటూ
వంటింట్లోకి వెళ్లి, వేణ్ణీళ్లలో ఏదో పిండుకుని తాగొచ్చాడు.

ఫొటోల్లో నిమ్మకాయలు ఎనిమిది.
దుల్సే ఇప్పటికీ నన్నే అంటుంది.